స్పిరిట్ దూది

ఎనభైల మొదట్లో ఇల్లినాయ్‌లో ఓ చిన్న ఆస్పత్రిలో డాక్టర్ని. నా పనికి ఎవరైనా వంక పెడితే ఒళ్లు మంట. ఓ మధ్యాహ్నం, తాగి కారు నడిపాడని ఒకతన్ని పోలీసు తీసుకొచ్చి, పరీక్షకు రక్తం తియ్యమన్నాడు. గుంటూరు అలవాటు కొద్దీ స్పిరిట్ దూదితో చెయ్యి తుడిచి తీశాను.

సాక్ష్యం చెప్పడానికి కోర్టుకి పట్టుచీర కట్టుకుని వెళ్లాను.

"దేనితో తుడిచారు?" అన్నాడు ఆ కారు నడిపినతని లాయరు.

"స్పిరిట్‌తో. రెండుసార్లు," అన్నాను గొప్పగా.

"అందులో ఏముంటుంది డాక్టర్?"

"ఆల్కహాల్," అని నాలుక కరుచుకున్నాను. పరీక్షలో తేలిన ఆల్కహాల్ నా దూదిదో, అతని సీసాదో ఇక ఎవరు చెప్పాలి? జడ్జి కేసు కొట్టేశారు.

బయటికొస్తుంటే ఆ కారు నడిపినతనే నాకు తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఆ రోజే చెబుదామనుకున్నాను డాక్టర్. మీరు అంత శ్రద్ధగా తుడుస్తుంటే మనసొప్పలేదు."