రాయబారికి నాయన మీసం

బెంగళూరులో నేను పనిచేసే మ్యూజియానికి మొన్న ఒక పాత నీటిరంగుల బొమ్మ వచ్చింది. పైనున్న పల్చటి కాగితం తీయగానే తడిసి ఆరిన జిగురు వాసన. టర్కీ సుల్తాను దర్బారు. ఐరోపా రాయబారికి పొడుగు అంగీ తొడిగి, ఇద్దరు కొలువువాళ్లు చెరో రెక్క పట్టుకుని నడిపిస్తున్నారు. రాయబారి వెంట వచ్చిన చిత్రకారుడు వేశాడు. నాకు మాత్రం బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో మా డ్రాయింగు టీచర్ సరోజమ్మ గుర్తొచ్చింది. ఆమె నవ్వితే ఆ రోజు వాన ఖాయమనుకునేవాళ్లం.

దొరల బంగళా సామాన్ల వేలంలో ఆమె ఇలాంటి బొమ్మల పుస్తకం ఒకటి కొన్నది. మా చేత అవే వేయించేది. నేను రాయబారి తల కిందికి దించి వేశాను.

"ఏమే, తల ఎందుకు దించినావు?"

"దొంగతనం చేసి దొరికిపోయినాడు గదా టీచర్. ఇద్దరు పట్టుకున్నారే!"

గని కాలనీ పిల్లలకు ఇంకెలా తోస్తుంది? షిఫ్టు అయి పైకొచ్చిన ప్రతి మనిషినీ, బంగారం దాచాడేమోనని, గేటు దగ్గర చేతులెత్తించి తడిమేవాళ్లు. మా నాయననూ అంతే. చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

టీచర్ నవ్వలేదు. "అది ఆడ ఆచారం అమ్మా. రాజు దగ్గరికి యా రాయబారి పోయినా అట్లే పట్టుకుంటారు. పైకి మర్యాదంటారు, లోపల కత్తి దాచినాడేమోనని భయం. పట్టుకునేది వాళ్ల పని. తల ఎట్ల పెట్టుకోవాలనేది ఈయప్ప పని. పుస్తకంలో చూడు, తల యాడుండాది?"

నిటారుగా ఉంది. మళ్లీ వేశాను. వేసి చూస్తే రాయబారికి నాయన మీసం వచ్చి కూర్చుంది! నా పైప్రాణం పైనే పోయింది. బడి ప్రదర్శనకు నాయన వస్తాడు. పదిమందిలో ఆయన మనసు నొచ్చుకుంటే? గోడకు పెట్టొద్దని బతిమాలాను. ఆమె వింటేనా!

"పక్కన నిలబడు. అడిగితే చెప్పు. ఇంగ పో."

నాయన షిఫ్టు నుంచి నేరుగా వచ్చాడు. బొమ్మ ముందుకొచ్చి ఆగాడు.

"ఎవురమ్మా ఈయప్ప?"

"రాయబారి నాయనా. రాజు దగ్గరికి పోతావుండాడు."

"మరి పట్టుకున్నారే?"

"ఆడ అందర్నీ అట్లే పట్టుకుంటారు. దొంగ కాదు నాయనా."

ఆయన తన మీసం తడుముకున్నాడు. "తల బాగ పెట్టినావు," అన్నాడు.

మర్నాడు గేటు దగ్గర చేతులెత్తి నిలబడిన నాయన, అన్నం కారియర్ పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి గడ్డం కాస్త పైకెత్తాడు. నాకు ఏడుపు రాలేదు.

గని మూతపడింది. టీచర్ లేదు, నాయనా లేడు. ఇప్పుడు మ్యూజియంలో ఈ బొమ్మ కింద పెట్టే కార్డు రాసే పని నాకే పడింది. అందరూ సుల్తాను గురించి రాయమంటున్నారు. నా కన్ను సింహాసనం దాకా పోతేనా! ఇద్దరు పట్టుకున్న మనిషి తల యాడుండాదో చూసుకుని అక్కడే ఆగిపోతుంది.