వెర్లిన్ దాచుకున్న సూది

మా మిస్సోరీ కొండల్లో గురువారం వచ్చిందంటే పశువుల వేలం. పాట పాడేది వెర్లిన్ హాస్కెట్. మనిషి పొట్టి, గొంతు మాత్రం షెడ్డంతా మోగేది. కొనేదీ అమ్మేదీ లేని నాలాంటివాళ్లం కూడా ఆయన వేళాకోళాలు వినడానికే వచ్చి బల్లల మీద కూర్చునేవాళ్లం. ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా నవ్వేవాడు డోర్సీ ప్రూయిట్. వెర్లిన్ భార్య పోయి చాలాకాలమైంది. ఆవిడ తమ్ముడే ఈ డోర్సీ. ట్రాక్టర్లు బాగుచేసేవాడు. భారీ మనిషి, పైగా షుగరు.

మా కౌంటీలో దాదాపు అందరిదీ రిపబ్లికన్ పార్టీయే. కరోనా రాకముందు ఆ సంగతి ఎన్నికలప్పుడే గుర్తొచ్చేది. వచ్చాక, మూతికి గుడ్డ కట్టుకున్నవాడు ఎటు ఓటేశాడో చెప్పేసినట్టే లెక్క. టీకా వచ్చేసరికి అది ఇంకా ముదిరింది: వేయించుకున్నవాడు అవతలి పార్టీ కిందే జమ.

వెర్లిన్ మైకులో అందుకున్నాడు. "ఈ పెయ్యకి సూదులన్నీ వేయించారయ్యా! కంగారుపడకండి, ఓటు మాత్రం మనకే వేస్తుంది!"

షెడ్డు దద్దరిల్లిపోయింది.

ఎవరికీ తెలియనిదేమిటంటే, అప్పటికే వెర్లిన్ సూది వేయించుకుని ఉన్నాడు. అంతకుముందు ఏడాది గుండెకి స్టెంటు వేశారు. కరోనా వస్తే తట్టుకోలేవని డాక్టరు ఈసారి గట్టిగానే భయపెట్టాడు. వెర్లిన్ రెండు కౌంటీలు దాటి, తనని ఎరగని ఊరికి వెళ్లాడు. వేలం షెడ్డు పేరున్న టోపీ ట్రక్కులోనే వదిలేసి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని లోపలికి నడిచాడు.

"మీదే ఊరండీ?" అని నర్సు అడిగితే నోటికొచ్చిన ఊరి పేరు చెప్పాడు.

ఆవిడ నవ్వింది. "మీలా దూరం నుంచి చాలామందే వస్తున్నారు. బయటికి పొక్కదులెండి."

ఆ మాటకి ఆయనకి చెవులు వేడెక్కాయి.

మర్నాడు భుజం ఎత్తలేకపోయాడు. కంచె తీగ లాగుతుంటే పట్టేసిందని డోర్సీకి చెప్పాడు.

"సూది గానీ పొడిపించుకున్నావా ఏంటి బావా?"

"ఆ, కొమ్ములు కూడా మొలుస్తున్నాయి, చూడు."

డోర్సీ పడీపడీ నవ్వాడు. నవ్వి ఊరుకోలేదు. వచ్చి, వెర్లిన్ ఆవులకి మేత వేసి, దొడ్డి శుభ్రం చేసి వెళ్లాడు.

డోర్సీ భార్య నాడీన్ బడి వంటగదిలో పనిచేసేది. ఆవిడ ఎవరేమన్నా లెక్కచెయ్యకుండా టీకా వేయించుకుంది. వెర్లిన్‌ని పట్టుకుని, "అన్నయ్యా, నువ్వు చెబితే వింటాడు. ఒక్క మాట చెప్పు," అని బతిమాలింది. "చూద్దాంలేమ్మా," అన్నాడు.

ఆ మాట చెప్పే అవకాశం డోర్సీయే తెచ్చిపెట్టాడు. ఒక గురువారం, షెడ్డు క్యాంటీన్లో అందరూ భోజనాలు చేస్తుండగా, బీన్స్ గిన్నెలో చెంచా తిప్పుతూ అన్నాడు. "నాడీన్ పోరు పడలేకపోతున్నా బావా. పోనీ వేయించుకుందామా అనిపిస్తోంది. ఏమంటావ్?"

చెంచాల చప్పుడు ఆగిపోయింది. వెర్లిన్ చుట్టూ చూశాడు. అందరి కళ్లూ ఆయన నోటి మీదే ఉన్నాయి.

"వేయించుకోరా. వచ్చే ఎన్నికల్లో ఎవరికి ఓటెయ్యాలో కూడా నాడీన్‌నే అడిగెయ్!"

నవ్వులే నవ్వులు. డోర్సీ మొహం ఎర్రబడింది. తర్వాత తనూ నవ్వాడు.

ఆ ఎండాకాలమే డోర్సీకి కరోనా పట్టుకుంది. ఆసుపత్రి నుంచి ఫోను చేస్తే మాట కంటే ఆయాసమే ఎక్కువ వినపడింది. "బావా... ఇంటికొచ్చేస్తాలే..." రాలేదు.

కాన్సస్ సిటీలో ఉండే వెర్లిన్ కూతురు కార్లా ఫోను చేసింది. ఆ పిల్లది అవతలి పార్టీ. "ఎన్నిసార్లు చెప్పాం నాన్నా! మీవాళ్లు వింటేగా? చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత."

"పోయింది నీ మేనమామే," అన్నాడు వెర్లిన్. అవతల ఏడుపు వినపడింది. తను టీకా వేయించుకున్నట్టు ఆ పిల్లకీ చెప్పలేదు. ఇక్కడివాళ్లు వెక్కిరిస్తారని ఇక్కడ దాచాడు. కార్లా తనే గెలిచినట్టు చూస్తుందని అక్కడ దాచాడు.

అంత్యక్రియలయ్యాక ఒక మధ్యాహ్నం నాడీన్ వంటింట్లో కూర్చుని చెప్పేశాడు. "నేను వేయించుకున్నానమ్మా. ఎప్పుడో."

నాడీన్ కడుగుతున్న పళ్లెం పక్కన పెట్టింది. "క్యాంటీన్లో ఆ మాట అన్నప్పటికే?"

"ఆ."

"ఇంటికొచ్చి నాకు చెప్పి నవ్వాడన్నయ్యా. బావ భలే అన్నాడే అని. మళ్లీ ఆ ఊసెత్తలేదు." పళ్లెం మళ్లీ అందుకుంటూ అంది. "అందరిముందూ అక్కర్లేదు. వాకిట్లోకి తీసుకెళ్లి చెవిలో చెప్పినా సరిపోయేది కదా?"

వెర్లిన్ కుర్చీ ముందుకి జరిపాడు. "ఆదివారం చర్చిలో లేచి చెప్పేస్తాను."

"వద్దు. నీ బరువు దించుకోడానికి ఆయన్ని వెర్రివాణ్ణి చెయ్యకు. బావ వేళాకోళం నమ్మి పోయాడంటారు. నేను వినలేను."

అలా ఆ దారి కూడా మూసుకుపోయింది.

మరుసటి ఏడు ఎన్నికలొచ్చాయి. కౌంటీ ఆరోగ్య కేంద్రం నడవడానికి చిన్న పన్ను ఉంచాలా వద్దా అన్న ప్రశ్న కూడా ఓటు కాగితం మీద ఉంది. పార్టీవాళ్లు వద్దన్నారు. ఓటు వేసేచోట అడ్డుబల్ల వెనక వెర్లిన్ ఒక్కడే. చూసేవాడు లేడు, నవ్వేవాడు లేడు. ఈసారి వేరేగా వెయ్యాలనే ఇంటి దగ్గర బయల్దేరాడు. తమ పార్టీ పేర్ల పక్క గడులన్నీ ఎప్పట్లాగే నింపుకుంటూ వచ్చి, ఆ ప్రశ్న దగ్గర పెన్ను ఆపాడు. ఆపి, 'వద్దు' అన్నదాని పక్క గడే నింపాడు. చాలాకాలానికి ఇదంతా నాతో చెప్పుకున్నప్పుడు, ఎందుకలా చేశావని నేను అడిగితే, "ఇంకోలా వేస్తే నేనెవణ్ణో నాకే తెలీదనిపించింది," అన్నాడు. ఆ మాట అంటూ నా వైపు చూడలేదు.

బయటికి వస్తుంటే నాడీన్ ఎదురైంది. "ఆరోగ్య కేంద్రానికి వేశావు కదన్నయ్యా?"

అవునన్నట్టు తలూపాడు. ఆవిడ ఆయన చెయ్యి నొక్కి లోపలికి వెళ్లింది.

పన్ను ఓడిపోయింది. కేంద్రంలో ఉన్న ఒక్క నర్సూ వేరే కౌంటీకి వెళ్లిపోయింది. వెర్లిన్ ఇంకా వేలం పాడుతున్నాడు, ధరలు మాత్రమే, వేళాకోళాలు లేవు. ఆదివారం చర్చిలో నాడీన్ తన పక్కన ఆయనకి చోటు ఉంచుతుంది. వచ్చి కూర్చుంటాడు. కూర్చున్నంతసేపూ తలెత్తడు.