లిఫ్టులో పెరుగన్నం

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఆఫీసున్న కాంప్లెక్సులో లిఫ్టు నడిపే పెద్దాయన మధ్యాహ్నం పెరుగన్నం తప్ప మరొకటి తినగా నేను చూడలేదు. డ్యూటీ ఉన్న రోజు గుడ్డు, ముల్లంగి, క్యాబేజీ ముట్టేవాడు కాదు. "గీ డబ్బాల గాలి ఎటు పోతది సార్?" అనేవాడు.

ఆ రోజుల్లో నేను ఎల్బీనగర్ జిమ్ము వాళ్ల మాట విని, కండలొస్తాయని పొద్దున్నే ఆరు గుడ్లు లాగించేవాడిని. ఒకరోజు కరెంటు పోయి లిఫ్టు రెండో అంతస్తు దాటాక ఆగిపోయింది. లోపల ఏడుగురం. కాసేపు బిగబట్టాను, ఆ తర్వాత నా వల్ల కాలేదు. చప్పుడు రాలేదు గానీ కుళ్లిన గుడ్ల వాసన లిఫ్టంతా నిండింది. ఒకావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఒక్కొక్కరినీ చూడసాగింది. ఆమె చూపు నా దాకా రాకముందే స్టూలు మీది పెద్దాయన చెయ్యెత్తాడు.

"నేనేనమ్మా. పొద్దుగాల ముల్లంగి తిన్న. ఏమనుకోకుర్రి."

కరెంటొచ్చింది. మూడో అంతస్తులో మిగతా అందరూ దిగిపోయాక, తలెత్తకుండానే ఆయనకు థ్యాంక్స్ చెప్పాను.

"గుడ్లు ఇంటికి పోయినంక తినుర్రి సార్," అన్నాడు తలుపు వేస్తూ. "మీరు నాలుగో అంతస్తుల దిగిపోతరు. నేను గిండ్లనే ఉంటగద."