గూడెక్కని కోళ్లు

ఈ బరువు ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది బేతంచెర్ల. మా ఆయన బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్కడ మిగిలిన ముక్కబండలు తెచ్చి, మా అత్త కోళ్లకు పెరట్లో గూడు కట్టాడు. కింద బండ, చుట్టూ బండ, పైన బండ. మట్టిగోడైతే చెమ్మ పీల్చుకుంటుంది, బండ పీల్చదు. అందుకని చలికాలం రాకముందే పెంటంతా గీకి, ఆరబెట్టి, పొయ్యి బూడిద పరచాలి. అది కోడలి పని. అంటే నా పని.

ఆ యేడు చేయలేదు. పాత పెంట మీదే బూడిద చల్లి, "అయిపోయిందత్తా" అన్నాను. ఒళ్లు బాగాలేకనా? కాదు. ముక్కు మూసుకుని వంగి ఆ పని చేయడమంటే నాకు అసహ్యం, అంతే.

చలి మొదలయ్యాక కోళ్లు గూట్లోకి పోవడం మానేశాయి. పొద్దు గూకితే గోడ దూకి, పక్కింటి మాబున్నమ్మ రేకుల కింద కట్టెల మీదెక్కి కూర్చునేవి. ఆమె కూడా కోళ్లు పెంచి, వీధిలో గుడ్లమ్ముకుని బతికే ఒంటరి మనిషి. చిన్నమ్మా అని పిలిచేదాన్ని. నా కాన్పప్పుడు నీళ్లు కాచి పోసింది ఆమే.

ఒకరోజు గూట్లో చేయి పెట్టి చూశాను. బండల నిండా నీటి చెమట. ఘాటుకు కళ్లు మండాయి. చేయి బయటికి తీస్తే మోచేతి దాకా పేలు. కోళ్లు ఎందుకు పోవడం లేదో అప్పుడే తెలిసింది. అయినా నోరు విప్పలేదు.

మరునాడు అత్త మాబున్నమ్మను వీధిలో నిలబెట్టింది.

"గింజలేసి మా కోళ్లను మళ్లించుకుంటాండావు గదా?"

"నాకేం కర్మక్కా? అవే వస్తాండాయి." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు పాపా. నేను గింజలేసేది యాడన్నా చూసినావా?"

"నాకేం తెల్దు చిన్నమ్మా," అన్నాను.

చూడలేదని అన్నా సరిపోయేది. గూడు సంగతి చెబితే అత్త నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేది. ఆ నాలుగు తిట్లకు భయపడి, నాకు పురుడు పోసిన మనిషిని పదిమందిలో దొంగను చేశానా అని నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా జవాబు ఒకటే. చేశాను. వీధిలో ఒక్కొక్కరే ఆమె దగ్గర గుడ్లు కొనడం మానేశారు. ఎవరి కోడి పెట్టిన గుడ్లో అని నవ్వేవాళ్లు. చలి పోకముందే ఆమె ఇల్లు ఖాళీ చేసి, మైదుకూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. పోతూ అందరికీ పోయొస్తానని చెప్పింది. నాకు చెప్పలేదు.

ఆమె పోయిన మరునాడే, అత్త ఇంట్లో లేనప్పుడు, గూడు గీకి, వేపాకు పొగ వేసి, ఎండకు ఆరనిచ్చి, బూడిద పరిచాను. బుద్ధొచ్చి కాదు. ఆమె లేకపోయినా కోళ్లు ఆ రేకుల కిందికే పోతుంటే నా బండారం బయటపడుతుందని.

పొగ వాసన పోయాక, ఒక సాయంత్రం కోళ్లు ఎవరూ తోలకుండానే ఒకదాని వెనక ఒకటి గూట్లోకి నడిచాయి. అత్త వీధంతా వినేట్టు అంది.

"చూసినారా? అది పోయినాక ఎట్ల గూటికి వస్తాండాయో!"

అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

అత్త ఆ నమ్మకంతోనే కన్నుమూసింది. మాబున్నమ్మ ఉందో లేదో తెలియదు. మైదుకూరు ఎంత దూరమని? ఒక్కసారి కూడా పోలేదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అడగాల్సింది మిమ్మల్ని కాదు.

మాబున్నమ్మ గింజలు వేయలేదు. నేను గూడు శుభ్రం చేయలేదు. ఈ రెండు ముక్కలు చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.