బజ్జీల మరక పడ్డ మొదటి పేజీ

సాయంత్రం కాగానే మా షాపు కింద బండి మీద మిరపకాయ బజ్జీలు మొదలవుతాయి. సూర్యాపేటలో ఈ మేడ మీద గది కిరాయికి తీసుకున్నప్పటి నుంచీ ఇదే వరస. నూనె వాసన మెట్లెక్కి, పుస్తకాల అట్టలూ పెండ్లి పత్రికలూ చేసుకునే నా కంప్యూటర్ దాకా వస్తుంది. మిగతావాళ్లకు నోరూరుతుంది. నాకు మాత్రం వెన్ను నిటారవుతుంది. వెనకాల సలోమి మేడం నిలబడి "ఏంటమ్మా, ఊపిరి పీల్చుకునే చోటే లేదేంటి?" అంటున్నట్టు ఉంటుంది. ఆవిడ రిటైరై కోదాడలో గులాబీ మొక్కలకు హాయిగా నీళ్లు పోసుకుంటున్నారు. అయినా నేను మౌస్ పట్టుకుంటే చాలు, నా మీద ఆవిడ అజమాయిషీ మొదలు.

మిర్యాలగూడ డిగ్రీ కాలేజీలో ఆవిడ మాకు జువాలజీ చెప్పేవారు. కప్పల గుండెలు, వానపాముల నరాలు ఆవిడ పాఠాలు. కాలేజీ పత్రిక మాత్రం, ఎవరూ ముందుకు రాకపోవడంతో, ఆవిడ నెత్తిన పడింది. అంతకు ముందటి ఏడు అచ్చయిన కట్టలు పురికొస కూడా విప్పకుండా స్టోర్ రూములో దుమ్ము పట్టి ఉన్నాయి. ప్రిన్సిపాల్ సార్ తేల్చి చెప్పేశారు: "ఈసారి గూడ కట్టలు మిగిలితే అచ్చు బంద్. ఇగ పీడీఎఫ్ చేసి వాట్సాప్‌ల ఏసుడే." ఆ మాటకు అందరికన్నా ఎక్కువ భయపడింది నేనే. సెలవుల్లో ఒక ఫ్లెక్సీ షాపులో నేర్చుకున్న పని తప్ప నా చేతిలో ఏ విద్యా లేదు. నన్ను నమ్మి మేడం ఇచ్చిన పని ఆ పత్రిక పేజీలు చేయడం ఒక్కటే. అది ఆగిపోతే నాకు కాలేజీలో మిగిలేది కప్పలే, వాటితో నాకెంత సఖ్యతో నా మార్కులే చెప్పేవి.

అందుకే ప్రాణం పెట్టి మొదటి పేజీ చేశాను. మా వైపు పుట్టినరోజు ఫ్లెక్సీ ఎట్లా ఉంటుందో తెలుసు కదా. నడుమ పెద్ద ఫొటో, చుట్టూ గుండ్రాల్లో చిన్న ఫొటోలు, వెనక మెరుపులు, ఎవరూ అలగకుండా అందరి పేర్లూ. నా పేజీ అచ్చం అట్లాగే ఉంది. ఫైనలియర్ శ్రీకాంత్ ఫొటో అన్నిటికన్నా పెద్దది, ఎందుకంటే నేను చేస్తున్నంత సేపూ వాడు నా నెత్తి మీదే నిలబడ్డాడు. మేడం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "రేపు కాలేజీ అయ్యాక నాతో కోదాడ బస్సెక్కు" అన్నారు.

ఆవిడ రోజూ కోదాడ నుంచి నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా బస్సులోనే వచ్చిపోయేవారు. పత్రిక కోసం ఏ పేజీ చేసినా దాన్ని బస్సులో పక్కవాళ్ల చేతికిచ్చి ఊరుకోవడం ఆవిడ పద్ధతి. "ఎలా ఉందని అడక్కూడదమ్మా. అడిగితే మర్యాదకి అందరూ బాగుందనే అంటారు. వాళ్ల చేతులు చూడు, చాలు" అన్నారు. రైస్ మిల్లులో పని దిగి వచ్చిన ఒక పెద్దమ్మ మా ఎదురు సీట్లో కూర్చుంది. మేడం పేజీ ఆమె చేతిలో పెట్టారు. ఆమె దాన్ని దూరంగా పట్టి, దగ్గరగా పట్టి, చివరికి నన్నడిగింది.

"గీళ్లంత ఎవరు బిడ్డా? ఎలచ్చన్లు గిట్ల ఉన్నయా?"

"లేదు పెద్దమ్మా, మా కాలేజీ పత్రిక."

"అట్లనా" అని, ఒళ్లో ఉన్న బజ్జీల పొట్లం విప్పి, చీరకు నూనె అంటకుండా నా పేజీని కింద పరుచుకుంది. నాకు సీటు కిందకు దూరిపోవాలనిపించింది. మేడం కిటికీలోంచి బయటకు చూస్తున్నారు గానీ, నవ్వాపుకోలేక ఆవిడ భుజాలు అదురుతున్నాయి. పెద్దమ్మ మంచిది. "నువ్వు గూడ తిను బిడ్డా" అని ఒక బజ్జీ నాకూ ఇచ్చింది. శ్రీకాంత్ ముఖం మీది నుంచి తీసుకుని తిన్నాను. బజ్జీ బాగుంది.

నేరేడుచర్ల దాటాక రెండు పక్కలా కొత్తగా నాటిన పొలాలు. మేడం ఉన్నట్టుండి అడిగారు.

"నిడమనూరులో మీ నాన్న వరేస్తారుగా. నాటేటప్పుడు మధ్యమధ్యలో కాలిబాటలు వదులుతారెందుకు?"

"గాలాడాలె మేడం. లేకుంటే పైరుకు దోమ పడ్తది. మందు కొట్టనీకి మనిషి గూడ నడవాలె గద."

"అంత నేల వదిలేస్తే పంట తగ్గదూ?"

"తగ్గదు మేడం, ఇంకా మంచిగొస్తది."

పెద్దమ్మ హుజూర్‌నగర్‌లో దిగిపోతూ పేజీని సీటు మీదే వదిలేసింది. మేడం దాన్ని తీసి, మరక కనబడేలా నా ఒళ్లో పెట్టారు. "మరి ఇందులో చదివేవాడు ఎక్కడ నడుస్తాడమ్మా?"

ఇంటికొచ్చి మెరుపులు తీసేశాను, గీతలు తీసేశాను. ఫొటోల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. ఒక్కో ఫొటో తీసేస్తే ఒక్కో శత్రువు తయారు. మర్నాడు శ్రీకాంత్ ముందే హెచ్చరించాడు: "నా ఫొటో తీసెయ్యి, నీ పత్రిక ఎవడు సదువుతడో నేనూ సూస్త." ఆ మధ్యాహ్నం అన్నం తినడానికి వరండాలో అందరం డబ్బాలు పెట్టుకుని కూర్చున్నాం. మా ఇళ్లల్లో పేరు చెక్కని స్టీలు సామాను ఉండదు. డబ్బాల మీద ఎక్కువగా అమ్మల పేర్లే, పెండ్లికి పుట్టింటివాళ్లు పెట్టినవి. నా డబ్బా మీద కూడా మా అమ్మ పేరు, సైదమ్మ అని. లేచి, డబ్బాలన్నీ దగ్గరికి జరిపి, పేర్లు కనబడేట్టు ఫోన్‌తో ఫొటో తీశాను. మొదటి పేజీలో ఆ ఫొటో ఒక్కటే పెట్టాను. చుట్టూ ఉత్త గచ్చు, పైన పత్రిక పేరు, అంతే. మేడం చుట్టూ ఉన్న ఖాళీ మీద వేలు నడిపించారు. "ఇప్పుడు నడవొచ్చు" అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

పత్రిక పంచిన రోజు శ్రీకాంత్ కొట్లాటకే వచ్చాడు. వాడి ముఖం ఎక్కడా లేదు మరి. కట్ట మీది కాపీ లాగి, నన్ను తిట్టడానికి నోరు తెరిచి, అట్లాగే ఆగిపోయాడు. "అరేయ్, మా అమ్మ పేరు రా!" అని అరిచాడు. ఇంటికొకటి, అమ్మమ్మకొకటి అని రెండు కాపీలు చంకన పెట్టుకుపోయాడు. వాడి వెనక అందరూ ఎగబడ్డారు. సాయంత్రం ప్రిన్సిపాల్ సార్ తనకో కాపీ కావాలని వస్తే స్టోర్ రూములో పురికొసలే ఉన్నాయి. "వచ్చే ఏడు జర ఎక్కువ కొట్టియ్యండి మేడం" అన్నారు. ఇంట్లో మా అమ్మ "నా పేరు అచ్చుల పడ్డదా!" అని తడి చేతులు కొంగుకు తుడుచుకుని మరీ పట్టుకుంది. ఆ రోజంత గర్వం నాకు మళ్లీ ఏ పనికీ కలగలేదు.

ఇప్పటికీ నేను చేసే ప్రతి పేజీ మొదట కింద బజ్జీల బండి దగ్గరికి వెళ్తుంది. ఎలా ఉందని ఎవరినీ అడగను, చేతులు చూస్తాను. "ఇంత ఖాళీ ఉంది, ఏదన్న పెట్టరాదు" అనే గిరాకీకి కాలిబాటల సంగతి చెబుతాను. పొలమున్న వాళ్లు వెంటనే ఒప్పుకుంటారు.

మొన్న కోదాడ వెళ్లినప్పుడు మేడంను ఆ పత్రిక ఒకటి ఉంటే ఇమ్మని అడిగాను. మా అమ్మ తన కాపీని ఊరంతా చూపిస్తూ ఎవరింట్లోనో వదిలేసింది. "నా దగ్గరెక్కడిదమ్మా! ఒక్కటన్నా మిగిలిందా అసలు?" అని మేడం చిన్నపిల్లలా నవ్వారు. నిజమే, అందరూ చదివింది ఒక్కటీ మిగల్లేదు. ఎవరూ చదవని ఆ మొదటి పేజీ మాత్రం, శ్రీకాంత్ నుదుటి మీద నూనె మరకతో సహా, నా కంప్యూటర్ పైన ఫ్రేములో భద్రంగా ఉంది.