దూరం అనే మాట

బ్రిస్టర్ పిరికివాడు. అమెరికా దక్షిణాన జార్జియా తీరంలోని ఆ వరిమళ్ల మీద అతన్ని ఎరిగినవాళ్లు ఎవరైనా మొదట చెప్పేది ఇదే, మిగతావన్నీ తర్వాత. అతనిది తూముల పని. నది పోటు మీద ఉన్నప్పుడు తలుపెత్తి మంచినీళ్లు మడిలోకి వదలాలి, ఉప్పునీరు ఎగదన్నేలోపు దించెయ్యాలి. ఒక్క పూట ఏమరితే దొరగారి పంట మొత్తం ఉప్పుపాలు. తూముల దగ్గర పిరికివాడుంటేనే నాకు నిద్ర పడుతుంది అని దొర నవ్వేవాడు. బ్రిస్టర్ కూడా నవ్వేవాడు. దొర నవ్వినప్పుడు నవ్వకుండా ఉండటానికి కూడా ధైర్యం కావాలి మరి.

ఆ పిరికితనం నచ్చే దొర అతన్ని బానిసల వాడకు ప్రార్థన పెద్దను చేశాడు. ఆదివారం మధ్యాహ్నం పట్నం నుంచి పాస్టరు గుర్రబ్బండిలో వచ్చేవాడు. దాసులు దొరలకు లోబడి ఉండాలనీ, దొర దొడ్లో కోడిపిల్లను దొంగిలిస్తే దేవుడి సొత్తు దొంగిలించినట్టేననీ చెప్పి, నిమ్మరసం తాగి వెళ్లేవాడు. వారమంతా ఆ మాటలను బ్రిస్టర్ వాడలో వల్లించాలి. అతనికి చదువు రాదు. నల్లవాడికి అక్షరం నేర్పితే అక్కడ నేరం. విన్నది విన్నట్టు పట్టుకునే చెవి ఉంది గనక వల్లించేవాడు. ప్రార్థన పాక తలుపు మూశాక మాత్రం జనం గొంతు తగ్గించి ఇంకో దేవుడి గురించి పాడుకునేవాళ్లు. సముద్రాన్ని చీల్చి బానిసలను అవతలి ఒడ్డుకు చేర్చిన దేవుడు ఆయన. ఇద్దరు దేవుళ్లూ ఒకే పుస్తకంలో ఉన్నారంటే బ్రిస్టర్‌కు ఆశ్చర్యంగానే ఉండేది, కానీ ఎవరినీ అడగలేదు. ఆ పాటలు బయటికి పోకుండా గుమ్మంలో ఒక ఇనపకుండ బోర్లించేవాళ్లు. చప్పుడంతా కుండ మింగేస్తుందని నమ్మకం. బ్రిస్టర్ ఒకటి చాలదని రెండు బోర్లించేవాడు.

"మూడోది తెచ్చి నీ నెత్తిన బోర్లించుకోరాదేంటిరా," అనేది దొర వంటింట్లో పనిచేసే ఫీబీ అత్త. "మా పాటలకంటే నీ గుండె దడే గట్టిగా వినబడతంది."

"నవ్వుతావులే అత్తా. పట్టుబడితే ముందు తోలు ఊడేది నాది."

"ఉండాలిగా ఊడ్డానికి. నీ తోలంతా ఎప్పుడో చెమటైపోయింది."

అతని భార్య బైనా. కూతురు మిండాకు ఇంకా పాలపళ్లు ఊడకముందే బైనాను అలబామాకు అమ్మేశారు. పొద్దున పడవ వచ్చింది, మధ్యాహ్నానికి ఆమె లేదు. అలాంటివి ఆ చుట్టుపక్కల చాలా జరిగేసరికి పట్నం చర్చి పెద్దలకు ఒక చిక్కు వచ్చిపడింది. భార్య బతికుండగా మరొకతెను కట్టుకోవడం పాపమని చెప్పేది వాళ్లే. భార్యాభర్తలను విడదీసి అమ్మొద్దని ఏ దొరతోనూ చెప్పలేనిదీ వాళ్లే, ముందు బెంచీల్లో కూర్చునేది ఆ దొరలే కదా. తలుపులు వేసుకుని మాట్లాడుకుని చివరికి తేల్చారు. అమ్ముడుపోయిన మనిషి దేవుడి దృష్టిలో చచ్చినవాళ్లతో సమానమట, మిగిలినవాడు నిశ్చింతగా మళ్లీ పెళ్లాడవచ్చునట. కత్తి లేకుండా, నెత్తురు చుక్క రాలకుండా, ప్రార్థనతో మొదలుపెట్టి మనుషులను చంపారు.

అక్కణ్ణుంచి వాడలో పెళ్లి ప్రమాణం కూడా మారింది. చావు గానీ దూరం గానీ మమ్మల్ని విడదీసేదాకా అని పలికించాలి. పలికించేది బ్రిస్టరే. ఎన్ని జంటల చేత పలికించాడో అతనికే గుర్తులేదు. తను మాత్రం మళ్లీ పెళ్లి చేసుకోలేదు. దొర అడిగినప్పుడల్లా ఒకసారి మోకాలి నొప్పన్నాడు, ఒకసారి పిల్ల ఎదగనీ దొరా అన్నాడు, ఒకసారి కోతలు కానీ అన్నాడు. చేసుకోనని ఒక్కనాడూ అనలేదు.

మిండా పెద్దదైంది. పీపాలు చేసే టైటస్‌ను ఇష్టపడింది, దొర సరేనన్నాడు. పెళ్లికి ముందు ఒక రోజు ఆమె తండ్రికి మొక్కజొన్న గంజీ, వేయించిన రొయ్యలూ తెచ్చి తూము గట్టు మీద కూర్చుంది.

"నాన్నా, నా పెళ్లిలో ఆ మాట పలికించొద్దు."

"ఏ మాట?"

"నీకు తెలుసులే. దూరం."

బ్రిస్టర్ అటూ ఇటూ చూశాడు. మడిలో కొంగ తప్ప ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించాడు.

"మెల్లగా మాట్లాడు తల్లీ. పాస్టరుగారి ముందు, దొర ముందు ఒక మాట మింగేస్తే ఊరుకుంటారా? ఆ కోపంతో నిన్నే అమ్మేస్తే నేనేమైపోవాలి?"

"పలికినా అమ్ముతారు, పలక్కపోయినా అమ్ముతారు. మాట అడ్డంపడి పడవని ఆపదని నాకు తెలీదా? నన్ను ఎక్కడికో తోలేసినా టైటస్‌కి నేను చచ్చినదాన్ని కాకూడదు. అంతే నేనడిగేది." గంజి గిన్నె అతని ముందుకు జరిపి అంది, "నువ్వు చెప్పు. అమ్మ మనకి చచ్చిపోయిందా?"

బ్రిస్టర్ లేచి తూము తలుపు దించేశాడు. దించే వేళ ఇంకా కాలేదు. అన్నేళ్లలో అతను తప్పు వేళకు తలుపు దించింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత అతనికి అన్నం సహించలేదు. గట్టు మీద ఒంటరిగా నడుస్తూ ప్రమాణం అప్పజెప్పుకునేవాడు. చావు దగ్గర ఆగాలనుకుంటే అలవాటుపడ్డ నాలుక ఆగేది కాదు, దూరం అనేసేది. అనేశాక మిండా ముఖం గుర్తొచ్చేది. ఆగగలిగిన రోజున దొర ముఖం గుర్తొచ్చేది. నది మీద ఏ తెడ్డు చప్పుడైనా అమ్మకాల పడవేనేమోనని రేవుకేసి చూసేవాడు. దేవుణ్ణి అడుగుదామంటే, ఏ దేవుణ్ణి అడగాలో తెలియలేదు.

పెళ్లి దొర ఇంటి పెరట్లో జరిగింది. దొరసాని తన పాత తెల్లగౌను మిండాకు ఇచ్చింది. దొర కుర్చీలో, పాస్టరు ఆయన పక్కన నీడలో కూర్చున్నారు.

"నీ కూతురే కదా బ్రిస్టర్, నువ్వే పలికించు," అన్నాడు పాస్టరు ప్రేమగానే. ఆయన చెడ్డవాడైతే భరించడం కొంత తేలికయ్యేది.

బ్రిస్టర్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కలిమిలోనూ లేమిలోనూ, రోగంలోనూ ఆరోగ్యంలోనూ అని ఒక్కో ముక్కా పలికిస్తూ వచ్చాడు.

"చావు మమ్మల్ని విడదీసేదాకా," అని ఆగిపోయాడు.

టైటస్ అన్నాడు. ఎవరైనా అడ్డుపడతారేమోనని మిండా గబగబా అనేసింది.

"ఒక మాట మర్చిపోయావు," అన్నాడు పాస్టరు.

"మర్చిపోలేదండీ."

ఆ జవాబు తన నోట్లోంచే వచ్చిందని బ్రిస్టర్‌కు ఒక క్షణం నమ్మకం కలగలేదు. ఇక వెనక్కి పోయే దారి లేదు.

"ఆ మాట నాకు రావడం లేదండీ. నా భార్య బతికే ఉందండీ. ఎక్కడుందో తెలీదు గానీ బతికే ఉంది."

దొరసాని విసనకర్ర ఆగింది. వెనక నిలబడ్డ ఫీబీ అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దొర మాత్రం కోప్పడలేదు. "ముసలాడికి ఎండదెబ్బ తగిలినట్టుంది," అని నవ్వాడు. బ్రిస్టర్ కూడా నవ్వుదామని చూశాడు గానీ రాలేదు. దొర కొరడా తెమ్మన్నా అంత భయం వేసేది కాదు.

అక్కణ్ణుంచి రోజూ చావే. ఎవరూ ఏమీ అనలేదు. పొద్దున్నే కూతురి గుడిసెలో పొగ లేచిందో లేదో చూసుకుని గానీ అతను తూము దగ్గరికి వెళ్లేవాడు కాదు. కోతలు మొదలయ్యాయి. అలాంటి ఒక పొద్దున రేవులో పడవ ఆగింది. బ్రిస్టర్ ఎత్తిన తలుపు ఎత్తినట్టే వదిలేసి గట్టు మీద పరుగెత్తాడు.

రేవులో మిండా నిలబడి ఉంది. అమ్మేసింది ఆమెనే అనుకున్నాడు. అప్పుడు మడుల్లో పని చేయించే ఓవర్సీయరు తాడు పట్టుకుని అతని వైపే వచ్చాడు. మిండా కూడా పడవను చూసి, తండ్రిని తీసుకుపోతారన్న భయంతోనే అక్కడికి పరుగెత్తుకొచ్చి ఉంది.

అమ్మేసింది కూతుర్ని కాదు, తననేనని అర్థమయ్యాక బ్రిస్టర్‌కు కలిగింది సంతోషమే, మరో మాట లేదు. చేతులు తనే ముందుకు చాపాడు. పడవలో కూర్చుని ఒడ్డుకేసి చూసేసరికి ఆ సంతోషం ఎగిరిపోయింది. దొర పిలిపించిన పాస్టరు మిండా తల మీద చెయ్యి వేసి ఓదారుస్తున్నాడు.

"ఏడవకమ్మా. ఈ రోజుతో నీ తండ్రి కాలం చేశాడనుకో. దుఃఖం తొందరగా తీరుతుంది."

మిండా ఆ చేతిని తోసేసింది.

"మా నాన్న చావలేదు. మీరు అమ్మేశారు," అంది రేవంతా వినబడేలా. "మా అమ్మా చావలేదు. అమ్మేశారు."

ఓవర్సీయరు ఆమె వైపు తిరిగాడు. నది పాటు మీద ఉంది, నీళ్లు సముద్రం వైపు లాగుతున్నాయి, పడవ అప్పటికే ఒడ్డు వదిలింది.

"నోరు మూసుకో తల్లీ," అని బ్రిస్టర్ పడవలోంచి కేక వేశాడు. "నీకు దణ్ణం పెడతాను, నోరు మూసుకో."

కూతురితో అతను ఆడిన చివరి మాట అదే. మిండా నోరు మూసుకోలేదు.