ఒక్క పూట కూడా ఖాళీ లేదు

ఆ రోజుల్లో డిగ్రీ చేతిలో ఉండి ఉద్యోగం లేనివాళ్లకు బంధువులందరూ తలా ఒక పని పురమాయించేవారు. నాకు మా మేనత్త తన పక్క పోర్షన్ బాధ్యత అప్పగించింది. నరసరావుపేటలో ఆమెకున్న ఆధారం ఆ ఇల్లు, దాని మీద వచ్చే అద్దె, అంతే. అంతకుముందోసారి అద్దెకున్నవాళ్లు ఆషాఢం ముందు ఖాళీ చేస్తే (ఆషాఢంలో కొత్తింట్లో పాలు పొంగించే మొనగాడు మా వైపు ఇంకా పుట్టలేదు) నెల దాటినా ఎవరూ దిగలేదు. ఆ నెలంతా అత్తయ్య పచ్చడి మెతుకులతో గడిపి, "ఈ ఉక్కకి కూర సయించట్లేదే" అని బొంకింది. ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఈసారి ఒక్క పూట కూడా ఖాళీ ఉండనివ్వనని పంతం పట్టాను.

పోర్షన్లో ఉంటున్న లెక్చరర్ గారికి గురజాల బదిలీ అయిందని తెలిసిన సాయంత్రమే టులెట్ బోర్డు కట్టేశాను (ఆయన భార్యకు ఆ సంగతి బోర్డు చూశాకే తెలిసిందట, అది నా తప్పు కాదు). శుక్రవారం ఆషాఢం వస్తుందనగా, గురువారం పొద్దున వాళ్లు బయల్దేరాలి, వెనకే కొత్తగా అద్దెకొచ్చే ఆసుపత్రి నర్సమ్మ పాలు పొంగించాలి. ఇద్దరికీ ముహూర్తాలు నేనే రాయించుకొచ్చాను, ఒకే పంతులుగారి దగ్గర. కాగితాలు విప్పి చూడకుండానే చెరొకటి పంచేశాను.

గురువారం తొమ్మిదిన్నరకే నర్సమ్మ పాలగిన్నెతో, చుట్టాలతో గుమ్మంలో నిలబడింది. లోపల లెక్చరర్ గారి తల్లి మూటల మధ్య కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చుంది. "మా ముహూర్తం పది నలభై. అంతకుముందు గడప దాటేది లేదు" అంది. "మాదీ పది నలభయ్యేనండీ!" అంది నర్సమ్మ. ఆ రోజుకి మంచి ఘడియ అదొక్కటేనట. అందరూ నా వైపు చూశారు, నేను గోడ వైపు చూశాను. "ఏంది పిల్లా ఈ యవ్వారం?" అని పెద్దావిడ గద్దించింది. చివరికి లెక్చరర్ గారి భార్యే లేచి, ఇంకా విప్పని తన పొయ్యి వెలిగించి, "రా చెల్లీ, దీని మీదే పొంగియ్యి" అంది. ఆ పొంగు చూశాకే పాతవాళ్లు గడప దాటారు (పొయ్యి కోసం లెక్చరర్ గారు మళ్లీ వచ్చారనుకోండి). ఆ ఇంట్లోనే పుట్టి, రోజూ అత్తయ్య చేతి ముద్ద తిన్న వాళ్ల నాలుగేళ్ల పిల్ల మాత్రం ఆటోలోంచి "అమ్మమ్మా, నువ్వూ రా" అని ఏడుస్తూనే వెళ్లింది.

ఆటో మలుపు తిరగకముందే నేను, "చూశావా అత్తయ్యా, ఒక్క నిమిషం కూడా ఖాళీ లేదు!" అన్నాను గొప్పగా. అత్తయ్య కొంగుతో కళ్లొత్తుకుంది.

"చానా బాగా చేశావులే. ఆ గదిలో కూర్చుని ఒక్క పూటన్నా ఏడ్చుకోనియ్యవటే నన్ను?"

అప్పుడు నాకు నవ్వొచ్చింది, వెర్రిదాన్ని. ఇప్పుడు నాకూ అద్దెకిచ్చే ఒక పోర్షన్ ఉంది. ఎవరు ఖాళీ చేసినా, కొత్తవాళ్లకు "రంగులేయిస్తున్నా, ఎల్లుండి దిగండి" అని చెప్పి, తాళం తీసుకుని ఆ ఉత్త గదిలో కాసేపు కూర్చుని వస్తాను. రంగు మాత్రం ఇంతవరకు వేయించలేదు.